సముద్రపు చిన్న ప్రాణుల కాపరి – ఫిలిప్ హెన్రీ గాస్

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 2:15; కీర్తనలు 104:24–25; లూకా 12:6

పగడపు పూసను ఎరుగనివారు మనలో లేరు. మన తల్లులు, అవ్వలు బంగారు పూసలతో కలిపి గ్రుచ్చి మెడలో వేసికొనునది అదే. యోబు గ్రంథము 28వ అధ్యాయమందు జ్ఞానముయొక్క వెల ఎంతటిదో చెప్పబడిన చోట పగడములు కూడ పేర్కొనబడుట ప్రియ చదువరులు చదివియుందురు. అయితే పగడము రాయి కాదు. అది ప్రాణముగల చిన్న జీవులు కట్టిన కట్టడము. ఆ జీవి రాతిని అంటుకొని, నోటి చుట్టునున్న మెత్తని వ్రేళ్లవంటి వాటితో నీటిలో కొట్టుకొనివచ్చు ఆహారమును పట్టుకొని బ్రదుకును. సముద్రపు నీటిలోని సున్నమును తీసికొని ఎముకవంటి గట్టి గూటిని కట్టును. జీవి చచ్చినను గూడు మిగులును. మనము చూచునది ఆ మిగిలిన గూడు మాత్రమే.

బ్రదికియున్న పగడమును ఇంటిలో గాజుతొట్టియందుంచి కాపాడవచ్చునని లోకమునకు నేర్పినవారిలో ముఖ్యుడు ఫిలిప్ హెన్రీ గాస్. ఆయన పేరెన్నిక గన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చిత్రకారుడు. ఒక చిన్న సంఘమునకు బోధకుడు కూడ. ఆయన జీవితములో మనము మెచ్చుకొనవలసినది చాల కలదు, భయముతో నేర్చుకొనవలసినదియు కలదు. రెండింటిని దాచక వ్రాయుచున్నాము.

గాస్ 1810వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లాండు దేశమందలి వూస్టర్ పట్టణములో పుట్టెను. తండ్రి థామస్ ఊరూర తిరుగుచు మనుష్యుల ముఖములను చిన్న చిన్న పటములుగా చిత్రించి కుటుంబమును పోషించువాడు. రాబడి తక్కువ, కడుపులు ఎక్కువ. అయినను ఆ తండ్రియొద్దనుండి సన్నని కుంచెపని కుమారునికి అబ్బెను. కుటుంబము దక్షిణ సముద్రతీరమందలి పూల్ అను రేవుపట్టణములో నివసించెను. అక్కడ ఆయన మేనత్తయైన సూసన్ బెల్ పురుగుల రూపములు ఎట్లు మారునో బాలునికి చూపెను. సముద్రపు ఒడ్డున రాళ్లను అంటుకొనియుండు సముద్రపుష్పములు దొరికినప్పుడు వాటిని సముద్రపు నీటిగల పాత్రలో ఉంచి చూడుమని చెప్పినదియు ఆమెయే. ఇవి పేరునకే పుష్పములు. నిజమునకు ప్రాణులు, పగడపు జీవికి దగ్గర చుట్టములు. ఆ మేనత్త చెప్పిన చిన్న మాట నలువది సంవత్సరములు దాటకముందే ఎంతటి చెట్టాయెనో ముందు చూచెదము. సండే స్కూలు బోధకులు దీనిని గమనింతురు గాక.

పదునేడవ యేట, అనగా 1827లో, ఆయన బ్రదుకుతెరువు కొరకు అట్లాంటిక్ సముద్రము దాటి న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని కార్బొనియర్ అను ఊరికి వెళ్లి, ఒక వర్తకుల కచ్చేరిలో గుమాస్తాగా పని చేసెను. 1832లో ఆయన జీవితములో రెండు సంగతులు జరిగెను. ఇంటియొద్ద చెల్లెలు ఎలిజబెత్ ప్రాణాపాయముగా జబ్బుపడెనని వార్త వచ్చెను. ఆ వేదనలో ఆ యువకుడు మోకరించి తన్ను దేవునికి అప్పగించుకొనెను. చెల్లెలు బ్రదికెను, ఆయన మాట తప్పలేదు. ఆ సంవత్సరమే సూక్ష్మదర్శినిని గూర్చిన ఒక పాత పుస్తకమును కొని, దేవుని సృష్టిలోని చిన్నవాటిని శోధించుట మొదలుపెట్టెను. అది మొదలు వేదగ్రంథము ఒక చేతను, భూతద్దము ఒక చేతను పట్టుకొని నడిచిన మనుష్యుడాయన.

దేవుడు ఆయనను సుళువైన త్రోవను నడిపింపలేదు. 1835లో కెనడాలోని కాంప్టన్‌లో స్నేహితులతో కలిసి సేద్యము చేసెను. మూడేండ్ల కష్టము మట్టిపాలాయెను. 1838లో అమెరికాలోని అలబామాలో కొన్ని నెలలు పిల్లలకు చదువు చెప్పెను. అక్కడి ప్రత్తిచేలలో నీగ్రో బానిసలు కొరడాదెబ్బలు తినుట చూచి ఆయన హృదయము తల్లడిల్లెను. 1839లో చేతిలో డబ్బులేనివాడై ఇంగ్లాండుకు తిరిగివచ్చెను. అయినను ఓడప్రయాణములోనే ఒక పుస్తకము వ్రాసియుండెను. కెనడాలోని ప్రకృతిని గూర్చిన ఆ పుస్తకము 1840లో అచ్చుపడెను. చెడిపోయిన పొలములో ఆయన చూచిన పురుగులును పక్షులును ఆయనకు క్రొత్త జీవనమార్గమాయెను.

1844 మొదలు 1846 వరకు ఆయన జమైకా దీవిలో పక్షులను పరిశీలించెను. 1847లో వెలువడిన జమైకా పక్షుల గ్రంథముయొక్క మొదటి పుటమీద తనకు తోడ్పడిన రిచర్డ్ హిల్ పేరును కూడ వేయించెను. హిల్ ఆ దీవివాడు, మిశ్రజాతీయుడు. తెల్లవారు అట్టివారి పేళ్లు పైకి రానియ్యని దినములవి. చచ్చిన ప్రాణుల తోళ్లను పెట్టెలలో పేర్చుట సృష్టిజ్ఞానము కాదనియు, ప్రాణిని దాని బ్రదుకులో చూడవలెననియు ఆయన ఆ కాలమందే వాదించుచుండెను.

లండనులో ఆయన బ్రెదరెన్ సహవాసములో చేరెను. ఈ సహవాసమునకును మన తెలుగు దేశమునకును సంబంధము కలదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కూడ ఓడయెక్కి మన దేశమునకు వచ్చి, నరసాపురము ప్రాంతములో గోదావరి డెల్టా మిషను పనికి పునాదివేసిన బౌడెన్, బీర్ దంపతులు ఆ సహవాసమువారే. ఇంగ్లాండులోని డెవన్ జిల్లాలో బార్న్‌స్టేపుల్ అను ఊరినుండి వచ్చినవారు. గాస్ సముద్రపు ప్రాణులను వెదకిన ఇల్ఫ్రకూంబ్ తీరము ఆ ఊరికి చేరువనే యున్నది.

1848లో ఆయన ఎమిలీ బోస్ అను విశ్వాసురాలిని పెండ్లియాడెను. ఆమె సువార్త కరపత్రములు వ్రాయుటలో ప్రసిద్ధురాలు. 1849లో వారికి ఎడ్మండ్ అను ఒక్కడే కుమారుడు పుట్టెను.

1852లో అతిశ్రమవలన గాస్ ఆరోగ్యము చెడెను. విశ్రాంతి కొరకు కుటుంబము డెవన్ తీరమునకు వెళ్లెను. అక్కడ సముద్రము వెనుకకు తీయువేళ బండల నడుమ గుంటలలో నీరు నిలుచును. సముద్రపుష్పములు, రొయ్యలు, ఖాళీ గుల్లలో కాపురముండు పీతలు, గిన్నెవలె ఉండు చిన్న పగడములు ఆ గుంటలలో తోటవలె నిండియుండెను. సుత్తి, ఉలి పట్టుకొని, మోకాళ్లవరకు నీటిలో నిలిచి ఆయన వాటిని చూచుచుండెను. జబ్బుతో వచ్చినవానికి అదియే ఔషధమాయెను.

ఆ ప్రాణులను ఇంటికి తెచ్చి బ్రదికించుట ఎట్లు? పూర్వము పాత్రలో వేసిన ప్రాణులు కొద్ది దినములలో చచ్చెడివి, నీరు కంపుకొట్టెడిది. నీటిలో కలిసియున్న ప్రాణవాయువును అవి పీల్చివేయుటయే అందుకు ముఖ్య కారణము. అన్నా థిన్ అను స్త్రీ, లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ దేవాలయపు ఒక గురువు భార్య, 1846లో టార్కీ తీరమునుండి పగడములను తెచ్చి, దారిలో నలగకుండ వాటిని స్పంజికి దారముతో కుట్టి, జాడీలో పెట్టుకొని వచ్చెను. లండనులో సముద్రము లేదు గనుక నీటిని మార్చుటకు వీలులేకపోయెను. అందుచేత ఆమె పనికత్తె ప్రతిదినము తెరచిన కిటికీయెదుట ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి అరగంటకు పైగా పోయుచుండెను. నీరు గాలిని త్రాగెను; పగడములు బ్రదికెను. మరుసటి సంవత్సరము ఆమె పచ్చని సముద్రపు నాచును కూడ చేర్చెను.

రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో దాని మర్మమును మంచినీటి పాత్రయందు వివరించి చూపెను. చేపలు విడుచు వాయువును పచ్చని మొక్క సూర్యకాంతిలో తీసికొని ప్రాణవాయువును ఇచ్చును. కుళ్లిన ఆకులను నత్తలు తినును. ఒకదానికొకటి సేవచేయుచు మూడును బ్రదుకును. గాస్ ఈ సూత్రమును సముద్రపు నీటియందు స్వయముగా సాధించి, సామాన్యులకు అందునట్లు వ్రాసెను. 1853లో లండను జంతుశాలలో మొట్టమొదటి బహిరంగ జలప్రాణిశాల తెరువబడినప్పుడు దానికి ప్రాణులను సేకరించి పంపినవారిలో ఆయన ఒకడు. 1854లో ఆయన వ్రాసిన గ్రంథమునకు పెట్టిన పేరే ‘అక్వేరియం’. నేడు లోకమంతట గాజుతొట్టికి చెల్లుచున్న ఆ పేరు ఆయన వలననే వ్యాపించెను.

ఆయన నేర్పిన విధులు సులభమైనవేగాని విడువరానివి. సముద్రపు నాచుకు వేళ్లు లేవు. కనుక అది అంటియున్న రాతిముక్కతో కూడ ఉలితో చెక్కి తేవలెను. తొట్టికి వెలుగు కావలెను గాని వేడి తగులరాదు. నీరు ఆవిరియై తగ్గినప్పుడు ఉప్పు తొట్టిలోనే మిగులును. కాబట్టి మరల ఉప్పునీరు పోయరాదు, మొదటి గురుతువరకు మంచినీరే పోయవలెను. గిన్నె పగడమునకు చిన్న మాంసపు తునకను నోటియొద్ద అందింపవలెను. చచ్చినదానిని వెంటనే తీసివేయవలెను. ఆలస్యమైతే ఒక్క కళేబరము తొట్టియంతటిని చంపును. సముద్రమునకు దూరముగా ఉన్నవారి కొరకు ఆయన భోజనపు ఉప్పు మొదలైన నాలుగు లవణములను మంచినీటిలో కలిపి సముద్రపు నీటివంటి దానిని చేయు పద్ధతిని కూడ ప్రకటించెను.

ఇది చదువునప్పుడు మాకు సంఘము జ్ఞాపకము వచ్చుచున్నది. 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో పౌలు అవయవములను గూర్చి చెప్పినది ఇదియే గదా. గొప్పగా కనబడు ప్రాణి ఒక్కటే తొట్టిని బ్రదికింపదు; ఎవరును లెక్కచేయని నత్తయు నాచును లేనిచో అందమైనదియు చచ్చును. మన సంఘములలో దీపము తుడుచు విధవరాలును, చాప పరచు పిల్లవాడును లేనిదే ప్రసంగీకుడు నిలువడు.

1856లో గాస్ రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొనబడెను. ఆ సంవత్సరమే ఎమిలీ రొమ్ములో పుండు పుట్టెను, అది క్యాన్సరు. నెలల తరబడి బాధపడి 1857 ఫిబ్రవరిలో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఏడేండ్ల కుమారునితో ఆయన మిగిలెను.

ఆ దుఃఖ సంవత్సరమే ఆయన మరియొక గ్రంథము ప్రకటించెను. దాని పేరు ‘ఓంఫలోస్’, అనగా నాభి. ఆదాము పెరిగిన మనుష్యుడుగా, తల్లికి పుట్టినవాని గురుతులతోనే సృజింపబడినట్లు, భూమియు పూర్వయుగముల గురుతులతోనే ఒక్కసారి సృజింపబడెనని ఆయన వాదము. విజ్ఞానమును వేదమును ఇందుచేత సమాధానపడునని ఆయన తలంచెను. శాస్త్రజ్ఞులు నవ్విరి. విశ్వాసులు సంతోషింపలేదు. ఆయన స్నేహితుడును గురువునైన చార్లెస్ కింగ్స్‌లీ సహితము ఈ వాదము దేవుని సత్యశీలతకే భంగకరమని తలంచి దానిని ఒప్పుకొనలేదు. దేవుడు మనకు విప్పి చెప్పనిదానిని మన తెలివితో కప్పివేయబోయినయెడల ఇట్లే జరుగును. ఆయన విశ్వాసము లోపము కాదు. నాకు తెలియదని చెప్పి ఊరకుండలేకపోవుటయే లోపము.

గాస్ 1857లోనే లండను విడిచి డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్ అను ఊరిలో కాపురముండెను. అక్కడ పల్లెవారు కూడుకొను ఒక చిన్న గదిలో ఆదివారము వాక్యము బోధించెను. తక్కిన దినములు సముద్రపు ప్రాణులను చిత్రించెను. బ్రిటిషు దీవుల సముద్రపుష్పములను, పగడములను గూర్చిన ఆయన మహాగ్రంథము 1860లో పూర్తియాయెను. అందలి రంగుల పటములు ఆయన చేతిపనియే. ఆ సంవత్సరమే ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహము చేసికొనెను. ఆమె ఆ ఇంటికి మరల వెలుగు తెచ్చెను.

ఇక దుఃఖకరమైన సంగతి. గాస్ పుస్తకములు ఇంగ్లాండులో ఇంటింట చదువబడెను. గాజుతొట్టి లేని ధనవంతుని ఇల్లు ఇల్లు కాదనునంత మోజు పుట్టెను. రైలుబండ్లు అప్పుడే తీరములకు వచ్చుచుండెను. జనులు గుంపులుగా సుత్తులతో, బుట్టలతో, జాడీలతో దిగి బండలను పగులగొట్టి కనబడినదెల్ల తీసికొనిపోయిరి. తెచ్చినవారిలో అనేకులకు కాపాడు ఓపిక లేదు. ప్రాణులు వారములోనే చచ్చెను, మరల క్రొత్తవి తేబడెను. కొన్నియేండ్లకు, గాస్ దేవుని తోటగా చూచిన ఆ గుంటలు బోసిపోయెను. ప్రాణిని ప్రాణముతో చూడవలెనని వాదించినవాని మాటచేతనే ఆ ప్రాణులు నశించెను. ఇది ఆయనకు మిక్కిలి మనోవేదన కలుగజేసెనని కుమారుడు వ్రాసెను.

ఆదికాండము 2:15 చూడుడి. దేవుడు నరుని తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించెను: సేద్యపరచుట, కాచుట. మొదటిదానిని మనము త్వరగా నేర్చుకొందుము. రెండవది మరచెదము. తీసికొనుట ఒక గడియపని. కాచుట ప్రతిదినపు పని. గాస్ తన జనులకు తీసికొను విధమును, కాచు విధమును రెండును నేర్పెను. జనులు మొదటిది మాత్రమే నేర్చిరి. బోధకులమైన మనము వణకవలసిన సంగతి ఇది. మన నోటి మాట ఎంతదూరము పోవునో, వినువాడు దానిలో సగమే పట్టుకొని ఏమి చేయునో మనకు తెలియదు.

ఇంటిలోను ఆయనకు ఒక నష్టము కలిగెను. తల్లిలేని ఎడ్మండ్‌ను తండ్రి ప్రేమించెను. గుంటలయొద్దకు తోడుగా తీసికొనిపోయెను. అయితే ఆ ఇంట కథల పుస్తకములు నిషేధము. పదియేండ్లకే బాప్తిస్మము పొంది పెద్దలతో సమానముగా ఎంచబడెను. యువకుడై లండనులో ఉద్యోగమునకు పోయినను, నీ ఆత్మ ఎట్లున్నదని అడుగు ఉత్తరములు విడువక వచ్చుచుండెను. తుదకు కుమారుడు తండ్రి విశ్వాసమునుండి తొలగిపోయెను. 1907లో ఆయన వ్రాసిన ‘ఫాదర్ అండ్ సన్’ అను పుస్తకము ఆంగ్ల సాహిత్యములో ప్రసిద్ధము. తండ్రి ఆ పుస్తకములో కనబడినంత కఠినుడు కాడని తరువాతి చరిత్రకారులు చూపిరి. అయినను ఎఫెసీయులకు 6:4లో తండ్రులకు ఇయ్యబడిన హెచ్చరిక ఇక్కడ తలంపునకు వచ్చును. మెత్తని ప్రాణికి ఎంత వెలుగు చాలునో, ఎప్పుడు నీడ వేయవలెనో ఆయనవలె ఎరిగినవాడు లేడు. బిడ్డ హృదయమునకు కూడ నీడ కావలెను. ప్రతి గడియ పైకి తీసి పరీక్షింపబడునది వేరూనదు.

గాస్ తన కడవరి సంవత్సరములలో కంటికి కనబడని నీటి ప్రాణులను గూర్చి హడ్సన్ అను పండితునితో కలిసి గొప్ప గ్రంథమును సిద్ధపరచెను. మరణము చూడకమునుపే ప్రభువు వచ్చునని ఆయన యెదురుచూచెను. 1888 ఆగస్టు 23వ తేదీన, డెబ్బదియెనిమిదవ యేట, సెయింట్ మేరీచర్చ్‌లో కన్నుమూసెను.

నేడు పట్టణములలో కొందరు ఉష్ణసముద్రముల పగడములను ఇండ్లలో పెంచుచున్నారు. గాస్ పెంచిన డెవన్ పగడము చల్లని నీటిది. ఆహారము పట్టుకొని తినును. ఉష్ణసముద్రపు పగడములలో అనేకముల మాంసములో కంటికి కనబడని పాచికణములు నివసించి, సూర్యకాంతితో ఆహారము చేసి దానికి పెట్టును. అందుచేత వాటికి బలమైన దీపములు, నీటిని ఎడతెగక కదలించు మోటార్లు, మారని వెచ్చదనము కావలెను. నీరు మితిమించి వేడెక్కినయెడల పగడము ఆ కణములను వెళ్లగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో చచ్చును. 1998లోను 2016లోను మన లక్షద్వీపముల పగడపు దిబ్బలు ఈ విధముగా దెబ్బతినెను. మన దేశమందు రాతి పగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క కాపుదలలో ఉన్నవి. వాటిని సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు నేరము. ఇది తెలియక కొనువారు కలరు గనుక వ్రాయుచున్నాము.

సంఘ యౌవనస్థులు బాపట్లకో, కాకినాడకో, మచిలీపట్నమునకో సముద్రము చూడ వెళ్లుదురు. మీరు ఒడ్డున రాయి తిరుగవేసినయెడల దాని క్రింద కాపురముండువానిని చూడుడి. చూచి, సృష్టికర్తను స్తుతించి, రాయిని మరల ఉన్నట్టుగా పెట్టుడి. ఇంటిలో చేపల తొట్టి పెట్టుకొనువారు రేపు కూడ దానిని చూచు ఓపిక తమకు కలదా అని ముందు యోచించుకొనుడి. అమ్మబడు పిచ్చుకలలో ఒక్కటియైనను దేవునిచేత మరువబడదని ప్రభువు సెలవిచ్చెను. గుంటలోని గిన్నె పగడమును ఆయన మరచునా?

ప్రార్థన: సముద్రమును దానిలోని లెక్కలేని ప్రాణులను జ్ఞానముతో చేసిన తండ్రీ, తీసికొనుటకు త్వరపడు మా చేతులకు కాచుటను నేర్పుము. మా బిడ్డలను, మా సంఘమును, నీవు మాకు అప్పగించిన చిన్నవాటినన్నిటిని ఓపికతో కాపాడు మనస్సు మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.